అతుకు కనపడని అంటు

మా నాయన నాతో ఆడిన ఆటల్లో నాకు బాగా గుర్తున్నది ఒకటే. నల్ల ప్లాస్టిక్ సంచిలో ఉన్న మామిడి మొక్కను నా చేతికిచ్చి, "యాడ అతికినానో కనుక్కో సూద్దాం" అనేవాడు. నేను మొక్కను ఎండకెత్తి, కాండమంతా గోటితో తడిమి, ముక్కు ఆనించి వాసన కూడా చూసేదాన్ని. కింద నాటు మామిడి వేరు, పైన తియ్యటి బేనీషా మామిడి పుల్ల. రెండూ వేరు వేరు చెట్ల బిడ్డలు, ఎక్కడో ఒకచోట కలిసి తీరాలి కదా. ఏడాది తిరిగిన అంట్లలో ఆ చోటు నాకు ఎప్పుడూ దొరకలేదు. ఏదో ఒకచోట వేలు పెట్టి "ఈడ" అనేదాన్ని. "తప్పు" అని ఆయన నవ్వే నవ్వు రోడ్డు మీద బస్సులో పోయేవాళ్లకు కూడా వినిపించేది.

మాది పెద్దపంజాణి దగ్గర ఒక చిన్న ఊరు. పుంగనూరు పోయే దారి పక్కన మా బావి కింద నాయన మామిడి అంట్లు కట్టి అమ్మేవాడు. ఆయన హస్తవాసి మంచిదని చుట్టుపక్కల పేరు. "ఆయప్ప చెయ్యి పడితే ఎండు పుల్లైనా సిగురేస్తాది" అని ఎవరైనా అంటే విననట్టు అటు తిరిగేవాడు గానీ, ఆ రోజంతా నడకలో కొంచెం టెక్కు ఉండేది. అమ్మ నన్ను మోచేత్తో పొడిచి కళ్లతోనే చూపించేది. ఇద్దరం లోపలికి పోయి నవ్వుకునేవాళ్లం.

అంటు కట్టడంలో ఆయనకు రెండు నియమాలుండేవి. మొదటిది, పచ్చిగా కోసిన చోటు పచ్చిగా కోసిన చోటుతోనే కలవాలి. పైన తోలుండగా ఎంత గట్టిగా కట్టినా అతకదు. రెండోది, లేతగా ఉన్నప్పుడే కోయాలి. వానలు మొదలవగానే టెంకలు నాటేవాడు. అవి మొలిచి, ఆకు ఇంకా రాగి రంగులో ఉండగానే చాకు తీసేవాడు. ఆకు పచ్చబడిన మొక్కను పక్కన పెట్టేసేవాడు. యాల అని అడిగితే బావి వెనకున్న ముసలి చెట్టు దగ్గరికి తీసుకుపోయి చూపించాడు. దాన్ని మా తాత ముదిరిపోయాక మొండెం నరికి అంటు కట్టించాడట. అతికిన చోట నా తలంత బుడిపె. "లేత మాను గాయాన్ని మర్సిపోతాది పాపా. ముదురు మాను గ్యాపకం పెట్టుకుంటాది" అన్నాడు నాయన.

ఆ మాట నాకు అప్పుడు ఎంత బాగా నచ్చిందో. బడిలో మా టీచరుకు కూడా చెప్పాను.

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా, తొంభైల మొదట్లో, అమ్మ మళ్లీ కడుపుతో ఉంది. నా తర్వాత అన్నేళ్లకు. శ్రావణంలో, టెంక అంట్ల పని ముమ్మరంగా ఉన్నప్పుడు, చెల్లి ఇంట్లోనే పుట్టింది. నిండా జుట్టు, బిగించిన పిడికిళ్లు, పెద్ద పెద్ద కళ్లు. పైపెదవి మధ్యలో చీలి, ఆ చీలిక ముక్కు దాకా పోయి ఉంది.

మంత్రసాని బిడ్డను గుడ్డలో చుట్టి మా అవ్వ చేతికిచ్చింది. అవ్వ దీపం దగ్గరికి తీసుకుపోయి చూసి, "గ్రహణం మొర్రి" అంది. నాయన తల్లి ఆమె. మరుక్షణం అమ్మ వైపు తిరిగి, "గ్రహణం పొద్దు ఏం కోసినావు మ్మే?" అని అడిగింది.

"ఏమీ కొయ్యలేదత్తా."

"కొయ్యకుండా యాడ వస్తాది?"

ఆ గ్రహణం ఎండాకాలంలో ఒక సాయంత్రం పట్టింది. అమ్మకు అప్పుడు ఆరో నెల. గ్రహణం విడిచేదాకా చాప మీద వెల్లకిలా పడుకుని, చెయ్యి కదపకుండా, దురద పుట్టినా గోక్కోకుండా ఉంది. గోక్కుంటే బిడ్డకు గీతలు పడతాయని అవ్వే చెప్పింది. కాపలాకు నన్నే కూర్చోబెట్టింది. నేను ఆ సంగతి చెబితే "నువ్వు నిద్దరబోయింటావు" అని కొట్టిపారేసింది. మా అవ్వ దగ్గర తీర్పు ముందు, విచారణ తర్వాత.

చెల్లి రొమ్ము పట్టుకోలేకపోయింది. పెదవి మూతపడదు కాబట్టి లాగేందుకు పట్టు చిక్కేది కాదు. నోట్లోకి పోయిన పాలు పోయినట్టే చెంపల మీదికి వచ్చేసేవి. ఆకలికి ఏడ్చి, లాగి లాగి అలిసిపోయి, అలాగే నిద్రపోయేది. అమ్మ రవికె అంతా తడిసిపోయి ఉండేది. బాలింతను గడప దాటించకూడదని అవ్వ అడ్డం పడినా వినకుండా నాయన బిడ్డనూ అమ్మనూ బస్సెక్కించాడు. సంచి మోయడానికి నేనూ పోయాను. పుంగనూరులో బస్సు మారి మదనపల్లె మిషన్ ఆసుపత్రికి చేరాం.

అక్కడి డాక్టరమ్మకు జుట్టు నెరిసిపోయి ఉంది. టార్చిలైటు వేసి చెల్లి నోరంతా చూసి, "అంగిలి బాగుంది. పెదవి ఒక్కటే. ఇది బాగు చెయ్యొచ్చు" అంది. ఆ మాటకు అమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. మూడు నెలలు ఆగి తీసుకురమ్మంది డాక్టరమ్మ. బిడ్డ బరువు పెరగాలి, రక్తం పట్టాలి, మత్తుమందు తట్టుకోవాలి. అప్పటిదాకా పాలు పిండి ఉగ్గుగిన్నెతో పట్టమని, తల కొంచెం ఎత్తి ఎలా పట్టాలో తనే కూర్చుని చూపించింది. చెల్లి గుటకలు వేసింది. పుట్టాక కడుపు నిండింది ఆ రోజే.

నాయన అడిగాడు, "ఆపరేషన్లో ఏం సేస్తారమ్మా?"

"చీలిక అంచులు రెండూ సన్నగా కోసి పచ్చి చేస్తారు. కలిపి కుట్టేస్తారు. అతుక్కుంటుంది."

నాయన తల పైకెత్తాడు. నేను ఆయన పక్కనే నిలబడి ఉన్నాను. తెలిసిన ఊరి పేరు వింటే మనిషి ముఖం ఎలా మారుతుందో అలా మారింది.

"మచ్చ పడతాదామ్మా?"

"సన్న గీత ఉంటుంది. కొందరికి లావుగా కూడా లేస్తుంది. ముందే చెప్పలేం."

"ఇప్పుడే సేస్తే పడదు గదా?"

"ఇప్పుడు చేస్తే బిడ్డ తట్టుకోలేదయ్యా" అంది ఆమె.

పడుతుందనీ అనలేదు, పడదనీ అనలేదు. ఆమె దృష్టిలో అది అసలు ప్రశ్నే కాదు, బిడ్డ బతకడమే లెక్క. కానీ నాయన ఆ జవాబులో తనకు కావలసినది వెతుక్కున్నాడు. తిరుగు బస్సులో కిటికీ బయటికి చూస్తూ, "మూడు నెల్లంటే ఆకు పచ్చబడిపోతాది" అన్నాడు. మొక్కల సంగతి అనుకుంది అమ్మ. "ఉన్నిలే, కూలోళ్లను పెట్టుకుందాం" అంది.

ఉగ్గుగిన్నె పాలతో చెల్లి కుదురుకుంది. ఈ ముక్క ఎవరికి చెప్పినా గట్టిగా చెబుతాను. చెల్లి కుదురుకుంది. చెంపలు కొంచెం నిండాయి. పాలు తాగాక ఒక చిన్న ఎక్కిలి వచ్చేది, ఆ తర్వాత ఆ చీలిన పెదవితోనే నిద్రలో నవ్వేది. నాకు ఆ నవ్వులో ఏ లోపమూ కనపడలేదు. ఊరికి కనపడింది. చూడవచ్చిన ఆడవాళ్లు తలుపు దగ్గరే ఆగి, "అయ్యో, ఆడబిడ్డకు" అనేవాళ్లు. కడుపుతో ఉన్న ఒకామె మా వీధి మానేసి వెనకదారిన నీళ్లకు పోవడం మొదలుపెట్టింది. పురుటి స్నానం, పేరు పెట్టడం దగ్గర పడుతున్నాయి. బంధువులంతా వస్తారు. అవ్వ ఎవరొచ్చినా గ్రహణం కథ మొదటినుంచీ చెప్పేది. ప్రతిసారీ అందులో అమ్మ కొత్తగా ఏదో ఒకటి కోసేది, ఒకసారి దోసకాయ, ఒకసారి సొరకాయ.

నాయన మాత్రం రోజూ పొద్దున్నే నర్సరీలో ఆకుల రంగు చూసి వచ్చి, ఆ తర్వాత చెల్లిని చూసేవాడు.

ఒక మధ్యాహ్నం అమ్మతో మాట్లాడాడు. నేను గడప మీద కూర్చుని చింతపండు పీచు తీస్తున్నాను.

"లోపల్నుంచి ఇప్పుడే వచ్చిండాది. ఇంకా లేతే. ఇప్పుడు అతికితే యాడ అతికినామో దానికే తెలీకుండా పోతాది. మూడు నెల్లు పోనిస్తే బతుకంతా మూతి మీద బుడిపె మోసుకోని తిరగల్ల."

"డాక్టరమ్మ ఆగమనింది గదా."

"ఆయమ్మ సూదితో కుడతాది, మత్తిస్తాది. నేను కుట్టేది లేదు. కట్టేదే. ఎన్ని ఏల అంట్లు కట్టినా ఈ సేత్తో? ఒగటన్నా సచ్చిందా?"

"అవి మొక్కలు."

"మొక్కై వంగనిది మానై వంగుతాదా?" అన్నాడు నాయన. ఆ సామెతను బడిలో అయ్యవార్లు పిల్లల్ని దండించేటప్పుడు వాడతారు. ఇంత అమాయకంగా, ఇంత ప్రేమతో, ఇంత ఘోరంగా దాన్ని వాడిన మనిషిని నేను ఇంకొకరిని చూడలేదు.

అమ్మ ఎందుకు ఒప్పుకుంది? ఈ ప్రశ్నతో నేను చాలా ఏళ్లు కాపురం చేశాను. ఆయన చేతిని నమ్మిందని ఒక జవాబు. ఆ ఇంట్లో ఆయన చెయ్యి తప్పు చేయడం ఎవరూ చూడలేదు. పెదవి కలిసిపోతే తన మీద పడిన గ్రహణం నింద కూడా కలిసిపోతుందనుకుందని ఇంకో జవాబు. రెండూ నిజమే అయి ఉంటాయి. నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. ఎవరి మీద రావాలో తెలియక అందరి మీదా వస్తుంది, చచ్చిపోయిన మా అవ్వతో సహా.

ఆయన చాకును నీళ్లలో ఉడకబెట్టాడు. చేతులు సబ్బుతో తోముకుని, పసుపు నీళ్లతో కడుక్కున్నాడు. అంట్లకు చుట్టే ప్లాస్టిక్ పట్టీల చుట్టలోంచి కొత్తది తీసి అదీ కడిగాడు. నన్ను నర్సరీకి పోయి మళ్లకు నీళ్లు పెట్టమన్నాడు. నేను పోయాను. బావి దగ్గర బిందె ఎత్తుతుండగా చెల్లి అరుపు వినపడింది. అంతకుముందు ఆకలి ఏడుపు విన్నాను గానీ అది వేరు. బిందె వదిలేసి పరిగెత్తుకొచ్చాను.

అమ్మ రెండు అరచేతుల మధ్య చెల్లి తల పట్టుకుని, కళ్లు గట్టిగా మూసుకుని కూర్చుని ఉంది. నాయన ఎడమచేతి బొటనవేలి నుంచి రక్తం కారుతోంది. బిడ్డ ఒక్కసారి తల విదిలిస్తే చాకు ఆయన వేల్లోకి దిగిందట. ఆయన దాన్ని చూసుకోనే లేదు. అంచు అంచుకు తెచ్చి, పట్టీ చుట్టి, ముడి వేశాడు. ఆ పని ఎంత పొందికగా చేశాడంటే, చూస్తున్న నాకు ఒక క్షణం ధైర్యం కలిగింది. తర్వాత అదే చుట్టలోంచి ఇంకో ముక్క చింపి తన వేలికి చుట్టుకున్నాడు.

మర్నాడు పొద్దున పట్టీ కింద నుంచి చూస్తే చీలిక లేదు. సన్నటి ఎర్ర గీత, అంతే. నాయన నన్ను కేకేసి పిలిచాడు. ఆయన ముఖం వెలిగిపోతోంది.

"యాడ అతికినానో కనుక్కో సూద్దాం" అన్నాడు.

నేను వేలు పెట్టలేదు. ఎందుకో పెట్టబుద్ధి కాలేదు. అమ్మ మాత్రం నవ్వింది, చాలా రోజుల తర్వాత.

ఆ సాయంత్రానికి పెదవి వాచింది. పట్టీ బిగుసుకుపోయి నోరు తెరుచుకోవడం కష్టమైంది. ఉగ్గుగిన్నె మూతిని ఆనించి అమ్మ ఎంత మెల్లగా పోసినా పాలు పక్కకే కారాయి. ఒళ్లు కాలిపోసాగింది. నాయన "అంటు కూడా మొదట్లో వాడుతాది, మళ్లా తేరుకుంటాది" అన్నాడు. మర్నాటికి చెల్లి ఏడవడం మానేసింది. ఏడుపు లేకపోవడం ఎంత భయంగా ఉంటుందో ఆ ఇంట్లో మా అందరికీ ఒకేసారి తెలిసింది. మళ్లీ పుంగనూరు, మళ్లీ మదనపల్లె బస్సు. దారి పొడుగునా అమ్మ గుడ్డ పీలికను పాలలో ముంచి చెల్లి నోట్లో పిండుతూనే ఉంది. మలుపుల్లో బస్సు ఊగినప్పుడల్లా పాలు చీర మీద పడ్డాయి.

డాక్టరమ్మ బల్ల మీద పడుకోబెట్టి పట్టీ విప్పింది. విప్పి, పక్కన నిలబడ్డ నాయన వేలికున్న పట్టీ చూసింది. రెండూ ఒకటే ప్లాస్టిక్. ఎవరు చేశారని అడగాల్సిన పని లేకపోయింది.

"ఆగమన్నాను కదయ్యా" అంది. అంతే. ఆ తర్వాత నర్సుల్ని పిలిచి సూదులు, సీసాలు తెప్పించి, తను చేయగలిగిందంతా చేసింది. ఆమె తిట్టి ఉంటే బాగుండేదని నాయన తర్వాత ఎప్పుడో అన్నాడు. సాయంత్రం ప్రార్థన గంట కొట్టేసరికి చెల్లి పోయింది.

మావైపు పేరు పెట్టని బిడ్డకు దహనం లేదు, కర్మలు లేవు. చేను గట్టున గొయ్యి తీసి, గుడ్డలో చుట్టి పెట్టి, మన్ను కప్పి, ముళ్లకంప వేసి వచ్చేయడమే. తలంటుకుని మామూలు పనుల్లో పడిపోవాలి. ఏడిస్తే ఆ బిడ్డ దారి తప్పుతుందంటారు. అందుకని అమ్మ ఏడవలేదు. ఆవు దగ్గరికి పోయి పాలు పిండింది. తన పాలు మాత్రం ఇంకా చాలా రోజులు రవికెను తడుపుతూనే ఉన్నాయి.

ఆ ఏడు మొలిచిన టెంకలకు నాయన అంట్లు కట్టలేదు. ఆ మరుసటి ఏడూ కట్టలేదు. ఎవరైనా అడిగితే "చెయ్యి బాగలేదు" అనేవాడు. వేలు చూపించేవాడు. ఆ గాయం మానిందిగానీ, మానిన చోట ఒక లావుపాటి మచ్చ లేచి, గట్టిపడి, బొటనవేలు పూర్తిగా వంగకుండా చేసింది. సంచుల్లోని మొక్కలు సంచులు చించుకుని నేలలోకి వేళ్లు దించి, నాటు మామిళ్లుగానే పెరిగి పెద్దవయ్యాయి. పులుపంటే పులుపు కాదు, పళ్లు పులిసిపోయేవి. నాయన టమోటాకు, పల్లీకి మారాడు. రోడ్డు మీది బస్సుల వాళ్లకు మా ఇంటి నవ్వు మళ్లీ వినపడలేదు.

నేను మదనపల్లెలో జువాలజీ చదివాను. ఆ ఆసుపత్రి ముందు నుంచి పోకుండా చుట్టుదారిన కాలేజీకి పోయేదాన్ని. ఊళ్లో ఆ కడుపుతో ఉన్నామె మా వీధి మానేసినట్టే. తర్వాత కుప్పంలో ఒక కాలేజీలో ఉద్యోగం వచ్చింది. అక్కడ, రెండువేల సంవత్సరం దాటాక, పిల్లలకు పిండం పాఠం చెప్పడానికి ఒక పుస్తకం తిరగేస్తుంటే ఆ పేజీ దొరికింది.

గాయమైన చోట కణాలు ఒకదానికొకటి కబుర్లు పంపుకుంటాయి. ఆ కబుర్ల పేరే గ్రోత్ ఫ్యాక్టర్లు. రమ్మని, పెరగమని, నూలు వడికి గండి పూడ్చమని చెప్పే ప్రోటీన్లు అవి. పెద్దవాళ్ల చర్మంలో ఈ కబుర్లు కేకల్లా పోతాయి. వాపు వస్తుంది, కణాలు దొమ్మీగా వచ్చి పడతాయి, కొల్లాజెన్ అనే నారను అడ్డదిడ్డంగా గుట్ట పోసి ఎలాగో ఒకలా మూసేస్తాయి. ఆ గుట్టే మచ్చ. తల్లి కడుపులో ఉన్న పిండానికి గాయమైతే అలా కాదు. అక్కడ మచ్చను పెంచే రకం కబుర్లు తక్కువ, శాంతింపజేసే రకం ఎక్కువ. వాపు దాదాపు ఉండదు. నార మునుపున్న అల్లికలోనే మళ్లీ అల్లుకుంటుంది. గాయమైన చోటు ఎక్కడో తర్వాత భూతద్దం పెట్టినా దొరకదు. మొదట్లో ఇదంతా ఉమ్మనీటి మహిమ అనుకున్నారట. కాదు, ఆ గుణం లేత చర్మంలోనే ఉంది. అయితే సుమారు ఆరో నెల వరకే. ఆ తర్వాత ఆ చర్మం కూడా మనందరి చర్మంలాగే మచ్చ కట్టడం నేర్చుకుంటుంది.

ఆ పేజీ మూసి స్టాఫ్ రూమ్ వెనకున్న కుళాయి దగ్గర నిలబడి ఏడ్చాను. చదువుకున్నదాన్ని కాబట్టి ఏడవకుండా ఉండాలనేమీ లేదు కదా. లేత మాను గాయాన్ని మర్సిపోతాది. బడికి కూడా సరిగా పోని మనిషి ఆకుల రంగు చూసి తెలుసుకున్నది పుస్తకంలో అచ్చులో ఉంది. ఆ నిజం ఎక్కడ ఆగిపోతుందో ఆ పక్క పేజీలో ఉంది.

నాయనకు చెప్పలేదు. చెబితే ఊరటో చిత్రవధో నాకు తేలలేదు. అలా కొన్నేళ్లు గడిచాయి.

ఇంతలో ఆయనకు షుగర్ వచ్చింది. పాదం కింద పుండు పడి ఎంతకీ మానలేదు. అమ్మ ఆవుల్ని వదిలి రానంది. ఆయన ఒక్కడే నా దగ్గరికి, కుప్పం వచ్చాడు. డాక్టరు రోజూ కట్టు మార్చమని, పుండు మీద పల్చగా రాయమని ఒక ట్యూబు రాసిచ్చాడు. ఆయనే బొటనవేలితో రాసుకునేవాడు, వంగని ఆ వేలితోనే. నేను దూది, గుడ్డ అందించేదాన్ని.

ఒక ఆదివారం పొద్దున వసారాలో కూర్చుని రాసుకుంటూ, "దీంట్లో ఏముంటాది పాపా?" అని అడిగాడు.

"చర్మాన్ని పెరగమని చెప్పే మందు నాయనా. మన ఒంట్లో ఉండేదే. షుగరొస్తే తగ్గిపోతాది. అందుకని బయట్నుంచి ఇస్తారు."

"మన ఒంట్లోనే ఉంటాదా?" ట్యూబును తిప్పి చూశాడు. "సిన్నబిడ్డలకు శానా ఉంటాదేమో?"

ఆయన ఎటు పోతున్నాడో నాకు అర్థమైంది. మాట మార్చి ఉండొచ్చు. కాఫీ తెస్తానని లేచి ఉండొచ్చు. కానీ ఆ ప్రశ్న అడగడానికి ఆయనకు ఇన్నేళ్లు పట్టింది. జవాబు ఇవ్వకుండా లేవడం నాకు చేతకాలేదు. కింద కూర్చుని చెప్పాను. మొదట గ్రహణం సంగతి చెప్పాను. బిడ్డ పెదవి రెండో నెలలోనే కలవాలి, కలవకపోతే అప్పుడే చీలిక ఏర్పడిపోతుంది, ఆరో నెలలో పట్టిన గ్రహణానికి దాంతో ఏ సంబంధమూ లేదు.

"అంటే మీయమ్మ తప్పు లేదు."

"లేదు నాయనా."

"నేనూ ఆయమ్మను ఒగ మాటైనా అన్లేదు. కానీ లోపల అనుకొనింటి" అన్నాడు.

తర్వాత రెండోది చెప్పాను. ఆయన చెప్పిన మాట ఉత్తది కాదని, లేత చర్మం నిజంగానే గాయాన్ని మర్చిపోతుందని, పెద్ద పెద్ద పుస్తకాల్లో ఉందని. ఆయన కళ్లు నన్ను వదల్లేదు. ఆ క్షణం నేను పొరపాటున సంతోషించాను. ఆయన మీద నుంచి ఏదో బరువు దించుతున్నాననుకున్నాను.

"ఎప్పుడుదాకా ఉంటాది ఆ గుణం?"

"కడుపులో ఉన్నప్పుడే నాయనా. ఆరో నెల దాకా. అది దాటితే పోతాది."

రోడ్డు మీద మునక్కాయలమ్మే ఆమె అరవంలో కేకేసుకుంటూ పోయింది.

"ఆరో నెలంటే గ్రహణం పట్టిన నెల" అన్నాడు చివరికి. "మీయమ్మ సాప మీద పండుకోనుండె. ఆ పొద్దు లోపల అది లేతగానే ఉండె."

"ఊ."

"అంటే పుట్టేతలికే ముదిరిపోయిండాదా, నా బిడ్డ."

అవుననే చెప్పాలి. ఆయన మోకాలి మీద చెయ్యి వేశాను. ఆయన ఏడవలేదు. ట్యూబు మూత పెట్టి, బొటనవేలి మచ్చను రెండో చేత్తో ఒకసారి రుద్దుకున్నాడు. అదే చాకు, అదే మధ్యాహ్నం, అదే పట్టీ. చెల్లి గాయానికి మచ్చ కట్టేంత పొద్దు దొరకలేదు. ఆ రోజుది ఈ భూమ్మీద మిగిలిన మచ్చ ఆయన వేలి మీదిది ఒక్కటే.

మర్నాడు కట్టు మార్చే వేళకు నేను ఎప్పటిలాగే ట్యూబు ఆయన చేతికిచ్చాను. ఆయన తీసుకోలేదు.

"నువ్వే రాయమ్మా" అన్నాడు. ఎడమచేతిని వీపు వెనక్కి పెట్టుకున్నాడు. "ఈ ఏలికి మాత్రం తగలనియ్యబాకు. ఇది పోతే నాకేమీ మిగల్దు."

ఆ మందు పాత మచ్చలను ఏమీ చేయదు. ఆ సంగతి ఆయనకు చెప్పలేదు. ఆయన అక్కడున్నన్నాళ్లూ నేనే రాశాను, రాసిన ప్రతిసారీ చేతులు సబ్బుతో కడుక్కుని ఆ తర్వాతే ఆయన చెయ్యి పట్టుకుని లేపాను.